ఒక్క గీత సిగ్నల్‌లో ఆఫీస్ మెయిల్ నడిపించుడు ఎట్లా?



ఈ ఎపిసోడ్ ఒక చెల్లె పంపిన వాయిస్ మెసేజ్ నుంచి పుట్టింది. ఆమె రాత్రి తొమ్మిదికి పంపిందట, నా ఫోన్‌కు చేరింది తెల్లారి. ఆమె సమస్య ఏంటో మెసేజ్ వినకముందే సగం అర్థమైపోయింది. వాళ్ళ ఊరు నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పైన, గుట్ట మీద. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తది. వెండర్ల బిల్లులు మెయిల్‌లో వస్తాయి, ఈమె సరిచూసి షీట్ నింపి తిరిగి మెయిల్ చేయాలి. పనిలో తప్పు లేదు. మెయిల్ పోవుడే లేటు. మేనేజర్ అన్నాడట, "నీ షీట్ ఎప్పుడూ రెండు గంటలు ఆలస్యం. ఇట్లైతే వచ్చే నెల నుంచి ఆఫీస్‌కు వచ్చి కూర్చో." హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, బస్సు అన్నీ లెక్కేస్తే జీతంలో ఇంటికి పంపేది ఏం మిగలదు. చివరికి ఆమె అడిగింది ఒకటే: "అన్నా, ఇక్కడ ఏ సిమ్ మంచిది?"

చెల్లె, నువ్వు ఇప్పటికే రెండు సిమ్‌లు మార్చినవని నువ్వే చెప్పినవు. సిమ్‌ను కాసేపు పక్కన పెడదాం. నల్లమల అంచున కొత్త టవర్ ఎప్పుడు వస్తదో మన చేతిలో లేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల పైనే ఉంది. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి శ్రీశైలం రోడ్డు మీద పోయినవాళ్ళకు తెలుసు, మాట్లాడుతుంటేనే ఫోన్ కట్ అయితది, మళ్ళీ సిగ్నల్ ఎక్కడ వస్తదో ఆ దారిన తిరిగే డ్రైవర్లనే అడగాలి. కానీ మెయిల్ అనేది స్లో లైన్ మీద నడవడానికే పుట్టిన వస్తువు. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు, డయల్-అప్ మోడెమ్ మీద సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంతో కూడా మెయిల్స్ నడిచినయి. ఇప్పటికీ నడిసముద్రంలో ఓడల మీద ఇరిడియం శాటిలైట్ ఫోన్‌తో 2.4 కిలోబిట్ల లైన్ మీద మెయిల్ తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. అమ్రాబాద్‌లో ఒక్క గీత సిగ్నల్ దానికంటే ఎన్నో రెట్లు నయం. మరి మనకెందుకు నడుస్తలేదు? మనం మెయిల్‌కు వేలాడదీసే బరువు వల్ల.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు, తన్నులు తిని తెలిసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హాస్టల్ ఖాళీ చేయమన్నారు. వనపర్తి జిల్లాలో మా ఊరికి వచ్చేసిన. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా నిండలేదు. ఒక రోజు రాత్రి పదకొండుకు టెస్టింగ్ రిపోర్ట్, స్క్రీన్‌షాట్లతో కలిపి 9 ఎంబీ, మెయిల్‌కు పెట్టి సెండ్ కొట్టి పడుకున్న. పొద్దున లేచి చూస్తే ఔట్‌బాక్స్‌లోనే ఉంది. అప్పటికే క్లయింట్ కాల్ అయిపోయింది. మా లీడ్ ఫోన్ చేసి "పని చేయకపోతే చేయలేదని చెప్పు, పంపినా అని అబద్ధం ఎందుకు" అన్నాడు. చేసిన పనికి అబద్ధాలకోరు అనిపించుకున్న. బీటెక్ చదివిన, కోడ్ రాస్తున్న, కానీ సెండ్ నొక్కడం వేరు, మెయిల్ పోవడం వేరు అని ఆ రోజు దాకా నాకు తెల్వదు.

సరే, ముందు లెక్క చూద్దాం. కంపెనీలు స్పీడ్ చెప్పేది బిట్లలో, మన ఫైల్ సైజ్ ఉండేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైట్. రోజు డేటా అయిపోయాక చాలా ప్లాన్‌లలో నెట్ 64 కేబీపీఎస్‌కు పడిపోతది కదా, అంటే సెకనుకు 8 కేబీ. సిగ్నల్ బాగా లేని చోట కూడా దాదాపు ఆ లెక్కే పట్టుకోండి. ఉత్త అక్షరాల మెయిల్ ఒకటి 4 కేబీ ఉంటే అర సెకను. తెలుగులో రాస్తే బరువు ఎక్కువేమో అని అడుగుతారు. ఎక్కువే. తెలుగులో ఒక్కో సంకేతం మూడు బైట్లు పడతది, మెయిల్‌లో పోయేటప్పుడు నాలుగవుతది. వెయ్యి సంకేతాల పెద్ద ఉత్తరం రాసినా 4 కేబీయే. ధైర్యంగా రాయండి.

ఇప్పుడు ఫోన్‌తో తీసిన ఒక ఫోటో, 4 ఎంబీ. మెయిల్ పుట్టినప్పుడు అది ఇంగ్లిష్ అక్షరాలు మోయడానికే చేసిన బండి. ఫోటోలు, పీడీఎఫ్‌లు దాంట్లో ఎక్కాలంటే వాటిని అక్షరాలుగా మార్చాలి. ఆ పద్ధతి పేరు బేస్64. ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాలు. అంటే మీ 4 ఎంబీ ఫోటో మెయిల్ ఎక్కగానే 5.3 ఎంబీ దాటుతది. సెకనుకు 8 కేబీ చొప్పున పదకొండు నిమిషాల పైన. ఈ పదకొండు నిమిషాల్లో లైన్ ఒక్కసారి తెగినా మెయిల్ మళ్ళీ మొదటి నుంచి పోవాలి. పంపే పద్ధతి, ఎస్‌ఎంటీపీ అంటారు, దానికి ఆగిన చోటు నుంచి మొదలుపెట్టే అలవాటు లేదు. నా 9 ఎంబీ రాత్రంతా చేసింది అదే, ఎక్కుడు, జారుడు, ఎక్కుడు, జారుడు.

ఇంకో మాట. యూట్యూబ్ ఏదో కింద మీద పడి నడుస్తది, మెయిల్ మాత్రం పోదు, ఎందుకు అని అడుగుతారు. మన పాలమూరోళ్ళకు దీన్ని చెప్పడం చాలా సులువు. డౌన్‌లోడ్ జూరాల కాలువ లాంటిది, పైనుంచి కిందికి దానంతట అదే వస్తది. అప్‌లోడ్ కల్వకుర్తి ఎత్తిపోతల లాంటిది. శ్రీశైలం వెనుక నీళ్ళను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు చోట్ల మోటార్లు పెట్టి ఎత్తాలి. టవర్ పదుల వాట్లతో అరుస్తది, మన 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్‌తో జవాబు చెప్తది. దూరంగా ఉన్న టవర్ మాట మనకు వినపడుతది, మన మాట దానికి వినపడదు. అందుకే గీతలు చూసి మోసపోవద్దు, గీతలు చూపించేది మనం వింటున్న సంగతి మాత్రమే.

అయితే ఏం చేయాలి? మొట్టమొదట, మీకు తెలియకుండా ఆ సన్న దారిని ఎవరు వాడుకుంటున్నారో చూడండి. గూగుల్ ఫోటోస్ బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్, ఈ రెండూ అప్‌లోడ్ దొంగలు. షిఫ్ట్ మొదలయ్యే ముందు ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ల్యాప్‌టాప్ నడిపిస్తే విండోస్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. లేకపోతే అది దీన్ని పెద్ద బ్రాడ్‌బ్యాండ్ అనుకొని అప్‌డేట్‌లు లాగుతనే ఉంటది. ఫోన్‌ను మిద్దె మీదనో, సిగ్నల్ తగిలే కిటికీ దగ్గరనో పెట్టి ల్యాప్‌టాప్‌ను కింద పెట్టుకోండి. ఫోన్ చేతిలోనే ఉండాలని లేదు కదా. 5జీ ఫోన్ అయ్యి, 5జీ వచ్చుడు పోవుడు చేస్తుంటే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 4జీకి కట్టేయండి. దుంకే సిగ్నల్ కంటే నిలబడే సిగ్నల్ మేలు.

తర్వాత మెయిల్ తెచ్చుకునే పద్ధతి. పాప్, ఐమ్యాప్ అని రెండు పేర్లు మీరు సెట్టింగ్స్‌లో చూసే ఉంటారు. పాప్ అనేది సంచి మొత్తం ఇంటికి తెచ్చుకునే రకం. 10 ఎంబీ మెయిల్ ఉంటే 10 ఎంబీ దించాల్సిందే, మధ్యలో తెగితే ఆ మెయిల్ మళ్ళీ మొదటికి. ఐమ్యాప్ 1986లో మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్‌లో చేసింది. అది పోస్టాఫీసుకు పోయి "ముందు కవర్ల మీద పేర్లు చదువు, ఇప్పుడు ఆ మూడో ఉత్తరం తెరువు, దాంతో వచ్చిన పార్సిల్ అక్కడే ఉంచు" అని అడగగలదు. పేర్లకు వేరే, మాటలకు వేరే, అటాచ్‌మెంట్‌కు వేరే. స్లో లైన్‌లో మనకు కావాల్సింది ఇదే. కానీ ఐమ్యాప్ అంత తెలివిగా అడగాలంటే మీ యాప్‌కు మీరు చెప్పాలి.

ఫోన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ తెరవండి. ఎన్ని రోజుల మెయిల్ సింక్ చేయాలి అని ఉంటది. మామూలుగా 30 ఉంటది, దాన్ని 7 చేయండి. ఇమేజెస్ అనే చోట చూపించే ముందు అడగమని పెట్టండి. కంపెనీల న్యూస్‌లెటర్లలో బొమ్మలే బరువు. వైఫైలో ఉన్నప్పుడు అటాచ్‌మెంట్లు తనంతట తనే దించుకునే ఆప్షన్ ఒకటుంటది, దాన్ని ఆపేయండి. ఎందుకంటే తమ్ముని ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసినా మీ ఫోన్‌కు అది వైఫైయే.

ఇంకా గట్టి పట్టు కావాలంటే థండర్‌బర్డ్. ఉచితం. ఆండ్రాయిడ్‌లో కే-నైన్ మెయిల్ అని పాత యాప్ ఉండేది, 2024 చివర అదే థండర్‌బర్డ్ పేరుతో వచ్చింది. దాంట్లో అకౌంట్ సెట్టింగ్స్‌లో ఫెచింగ్ మెయిల్‌కు పోతే, ఎంత సైజ్ వరకు మెయిల్ దానంతట అదే దించాలో మీరు చెప్పొచ్చు. 32 కేబీ పెడితే మాటలన్నీ వస్తాయి, బరువులు ఆగుతాయి, మీరు నొక్కితేనే దిగుతాయి. ల్యాప్‌టాప్ థండర్‌బర్డ్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ దగ్గర ఇట్లాంటిదే ఉంటది, ఇంత కేబీ దాటితే దించకు అని. అక్కడ 50 పెట్టండి. సర్వర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో ఒకేసారి ఎన్ని కనెక్షన్లు పెట్టాలో ఉంటది, మామూలుగా 5. దాన్ని 1 చేయండి. సన్న దారిలో ఐదు ఎడ్లబండ్లు ఒకేసారి పోతే ఏదీ కదలదు.

జీమెయిల్‌నే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో వాడాలంటే క్రోమ్‌లో ఆఫ్‌లైన్ మెయిల్ ఆన్ చేయండి. 7, 30, 90 రోజులు అని అడుగుతది, 7 చాలు. దీని తర్వాత నెట్ లేకున్నా పాత మెయిల్స్ చదవొచ్చు, జవాబు రాయొచ్చు, సెండ్ కొట్టొచ్చు, నెట్ తగలగానే పోతది. ఇదివరకు స్లో నెట్‌కు జీమెయిల్‌లో బేసిక్ హెచ్‌టీఎంఎల్ అని తేలికైన పేజీ ఉండేది, 2024లో తీసేశారు. నాకైతే ఇప్పటికీ కోపమే. పట్నంలో ఏసీలో కూర్చున్నోడికి అది పాత చెత్తలాగ కనిపించి ఉంటది.

ఆఫీస్‌లో ఔట్‌లుక్ ఇస్తే, పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో క్యాష్డ్ మోడ్ ఆన్ ఉందా, ఎన్ని నెలల మెయిల్ ఆఫ్‌లైన్ పెడుతుందో చూసి తగ్గించండి. ఆఫీస్ అకౌంట్‌ను బయటి యాప్‌లో పెట్టే ముందు మీ ఐటీ టీమ్‌ను అడగండి. చాలా కంపెనీలు ఒప్పుకోవు. అడగకుండా పెట్టి పట్టుబడితే స్పీడ్ కథ పోయి సెక్యూరిటీ కథ మొదలైతది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ సెటప్ అంతా ఊర్లో చేయొద్దు. మొదటిసారి సింక్ చేయడమే అన్నింటికంటే పెద్ద బరువు. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని అచ్చంపేటకో, నాగర్‌కర్నూల్‌కో, గద్వాలకో పోయి, మంచి నెట్ ఉన్న చుట్టాల ఇంట్లో కూర్చొని యాప్ ఎక్కించి, మెయిల్స్ అన్నీ దింపుకొని, విమానం మోడ్ పెట్టి తెరిచి చూసి అప్పుడు ఊరికి రండి. విమానం మోడ్‌లో మెయిల్స్ చదవగలిగితే సెటప్ అయినట్టు.

అక్కడే ఇంకో పని కూడా చేయాలి, లాగిన్. చాలామంది ఇక్కడ చిక్కుకుంటారు. ఆఫీస్ అకౌంట్ ఓటీపీ ఎస్‌ఎంఎస్‌లో వస్తది, ఎస్‌ఎంఎస్ గుట్ట మీదికి ఎక్కేసరికి ఓటీపీ కాలం తీరిపోతది. మూడుసార్లు తప్పైతే అకౌంట్ లాక్. దీనికి మందు అథెంటికేటర్ యాప్. అది ముప్పై సెకన్లకొక ఆరంకెల నంబర్ చూపిస్తది, దానికి నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. మొదట్లో ఒకసారి స్కాన్ చేసిన రహస్య సంఖ్యతో, ఫోన్‌లో గడియారంతో అది లెక్క కడుతది. అందుకే ఫోన్ టైమ్ సరిగా ఉండాలి. దాంతోపాటు గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి కాదు. ఫోన్ పోయినప్పుడే కదా అవి కావాల్సింది.

ఇప్పుడు పంపుడు గురించి. ఇక్కడ గద్వాలలో నేను చూసింది చెప్తా. నడిగడ్డలో ఒక నేత కుటుంబం, పిల్లవాడు డిగ్రీ చేసి ఇంటి నుంచే ఆర్డర్లు చూసుకుంటడు. గద్వాల చీర అంటే ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు పట్టు. కొనేవాళ్ళు ఆ అంచు కలిసే చోటు దగ్గరగా చూపించమంటారు. ఇతను ఎనిమిది ఫోటోలు, ఒక్కోటి 4 ఎంబీ, ఒకే మెయిల్‌కు పెట్టి నొక్కేది. 32 ఎంబీ. జీమెయిల్ పరిమితే 25. దాటితే డ్రైవ్ లింక్ చేయడానికి చూస్తది, అదీ ఎక్కదు. "జిప్ చేసి పంపిన అన్నా, అయినా తగ్గలేదు" అన్నాడు. తగ్గదు తమ్ముడూ. జేపీజీ ఫోటో ఇప్పటికే పిండిన గుడ్డ, మళ్ళీ పిండితే ఏం కారదు. ఎక్సెల్, వర్డ్ ఫైళ్ళు కూడా అంతే, అవి లోపల జిప్‌లే.

మేము చేసింది ఇది. ఫోటో పొడవు 1200 పిక్సెల్స్‌కు తగ్గిస్తే ఒక్కోటి 200 కేబీ దగ్గర వచ్చింది. ఫోన్ తెర మీద అంచు దారాలు కూడా కనపడుతున్నయి. మొదటి మెయిల్‌లో రెండే ఫోటోలు, ధర, చీర కొలత. నచ్చినవాళ్ళు అడిగితే పెద్ద ఫోటో రాత్రి డ్రైవ్‌కు ఎక్కించి లింక్ పంపుడు. డ్రైవ్ అప్‌లోడ్ తెగినా ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకుంటది, మెయిల్ లాగ మొదటికి పోదు. డ్రైవ్ యాప్‌లో వైఫైలోనే పంపాలి అనే సెట్టింగ్ ఆన్ ఉండొచ్చు, అది చూసి ఆఫ్ చేసుకోండి. లేకపోతే పొద్దుటి దాకా వేచి చూస్తనే ఉంటది.

చెల్లె విషయంలో కూడా ఇదే సూత్రం. ఆమె షీట్ తెరిచి చూస్తే 3 ఎంబీ. ఎందుకంటే కంపెనీ లోగో పెద్ద బొమ్మగా పైన, పాత నెలల ట్యాబ్‌లు పదకొండు లోపల. ఆమె నింపేది ఒక్క ట్యాబ్. మేనేజర్‌ను అడిగి ఆ ఒక్క ట్యాబ్‌నే వేరే ఫైల్ చేస్తే 60 కేబీ వచ్చింది. ఇంకా ఆమె ప్రతి జవాబు కింద ఆరు నెలల పాత మాటలన్నీ వేలాడుతున్నయి, సంతకంలో లోగో, నాలుగు సోషల్ మీడియా బొమ్మలు. అవన్నీ తీసేయమన్న. అడగడానికి భయపడింది, "వాళ్ళు ఏమనుకుంటరో" అని. నేనన్న, "ఆలస్యమైతది అని వాళ్ళే అన్నరు కదా, కారణం చూపించి అడుగు." మేనేజర్ ఒక్క మాటలో ఓకే అన్నాడట. ఇన్నాళ్ళు ఆయనకు కూడా ఆ పదకొండు ట్యాబ్‌ల సంగతి పట్టలేదు.

ఇంకో అలవాటు చేసుకోండి. పెద్ద ఫైల్ పంపే ముందు అక్షరాల మెయిల్ ఒకటి ముందు పంపండి: "షీట్ పూర్తయింది. మొత్తం ఇంత, తేడా వచ్చిన బిల్లులు ఈ మూడు. ఫైల్ వెనకాలే వస్తుంది." 2 కేబీ. పావు సెకను. అది పోయిందా లేదా సెంట్ ఫోల్డర్‌లో చూడండి. ఔట్‌బాక్స్‌లో ఉంటే పోనట్టే, "క్యూడ్" అని ఉంటే పోనట్టే. ఆ 2020 రాత్రి నేను ఈ రెండు లైన్లు విడిగా పంపి ఉంటే మా లీడ్ నన్ను ఆ మాట అనేవాడు కాదు. ఇరుక్కున్న పెద్ద మెయిల్ ఔట్‌బాక్స్‌లో ముందు కూర్చుంటే వెనక చిన్నవి కూడా ఆగొచ్చు. అప్పుడు దాన్ని తీసేసి, చిన్నవి పోనిచ్చి, తర్వాత మళ్ళీ పెట్టండి.

ఇంటి నుంచి పని అనేది కంపెనీ మన మీద దయతో ఇచ్చిందని కొందరు అనుకుంటారు. 2020 నవంబర్‌లో కేంద్రం కాల్ సెంటర్, బీపీఓ లాంటి కంపెనీల మీద ఓఎస్‌పీ రిజిస్ట్రేషన్ నిబంధన తీసేసింది. అంతకుముందు వాళ్ళ ఉద్యోగి ఇంటి నుంచి పని చేయాలంటే షరతులు చాలా ఉండేవి. ఇప్పుడు చట్టం అడ్డం లేదు. అడ్డం ఉన్నది మేనేజర్ నమ్మకం ఒక్కటే, అది మెయిల్ మీద వచ్చే టైమ్ చూసి పెరుగుతది, తరుగుతది.

చెల్లె పోయిన ఆదివారం అచ్చంపేటలో మేనత్త ఇంటికి పోయి సెటప్ అంతా చేసుకొని వచ్చింది. మేనేజర్ పెట్టిన గడువుకు ఇంకా పన్నెండు రోజులు ఉంది, ఏమంటాడో తెల్వదు. నిన్న ఏడింటికి పంపాల్సిన షీట్ 7:02కు పోయిందట. సెంట్ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ నాకు పంపింది, 1.8 ఎంబీ.

చెల్లె, స్క్రీన్‌షాట్ కూడా చిన్నది చేసి పంపాలి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో స్లో నెట్‌లో వీడియో మీటింగ్ సంగతి చూద్దాం.